ఇల్లు దాటని పుస్తకం

జగన్మోహన్ సారు నలభై రెండో పేజీ తీయమన్నాడు. ఫరీదా తీసింది. సారు చదువుతున్న పద్యం ఆ పేజీలో లేదు. ఒక పేజీ ముందుకు, రెండు పేజీలు వెనక్కి తిప్పింది. పక్కన చిలుకమ్మ కూడా తిప్పుతోంది. అటువైపు మగపిల్లల బెంచీల్లోనూ కాగితాల చప్పుడు మొదలైంది. సారు చదవడం ఆపి తల ఎత్తాడు.

"సారూ, మా బుక్కులల్ల రైతు లేడు" అన్నాడు వెనక నుంచి ఒకడు. "మాకు రాజు పెండ్లి ఉన్నది."

సారు కిందికి దిగి వచ్చి ఒక్కొక్కరి పుస్తకం అందుకుని మొదటి పేజీ చూశాడు. అన్నీ పాతవే. సోషల్ పుస్తకాలు కూడా తీయమన్నాడు. అవీ పాతవే.

తొర్రూరు హైస్కూల్లో పుస్తకాలు సగం ధరకు కొనడం ఆనవాయితీ. పై తరగతికి పోయేవాళ్లు జూన్‌లో గేటు దగ్గర నిలబడి అమ్ముతారు. కింది తరగతి వాళ్లు కొనుక్కుని అట్టలు వేసుకుంటారు. అరవై తొమ్మిది జూన్‌లోనూ అలాగే కొన్నారు. అప్పుడు తెలంగాణ ఉద్యమం నడుస్తోంది, బడికి తాళం ఉంది. బడులు తెరిచి పాఠాలు కుదుటపడేసరికి సంవత్సరం మారింది. పదో తరగతికి తెలుగు వాచకమూ సోషలూ కొత్తవి వచ్చాయని ఎవరికీ తెలియలేదు. తెలియాలంటే పుస్తకం తెరవాలి. ఆ ఏడు తెరవాల్సిన పని పడలేదు. తెలుగు పండితుడు ఉద్యమం రోజుల్లోనే బెజవాడ వైపు బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు. సోషల్ చెప్పే జగన్మోహన్ సారే ఆ వారం నుంచి పద్యాలు కూడా అందుకున్నాడు.

సారు చేతిలో ఉన్న కొత్త పుస్తకం ఆయనది కాదు, సుశీలది. సుశీల తండ్రి దామోదర్ మిల్లు పని మీద వరంగల్ పోయి, అక్కడి దుకాణంలో రెండు పుస్తకాలూ పూర్తి ధర పెట్టి కొన్నాడు. ఆనవాయితీ ఆయనకు తెలియదు. మిగతావాళ్ల కోసం సారు ఆ ఆదివారమే వరంగల్ వెళ్లాడు. సరుకు అయిపోయింది, మళ్లీ వచ్చేది పరీక్షలయ్యాకే అన్నారు.

ఫరీదా ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. బడి మూతపడినప్పుడే చదువు చాలని ఆమె చిన్నాన్నలు అన్నారు. ఈ ఒక్కసారి చూద్దామని వాళ్లకు సర్దిచెప్పింది తండ్రి హైదర్. ఆయన బస్టాండు వెనక రేకుల కొట్టులో సమితి ఆఫీసు రిజిస్టర్లకు, బడి పుస్తకాలకు కుట్టు వేసి, అట్టలు బిగించి జిల్దు కడతాడు. పాసైతే వరంగల్‌లో టీచరు ట్రైనింగుకు పంపుతానన్నాడు. తప్పితే మళ్లీ ఫీజు కట్టే మాట లేదన్నాడు. రెండూ ఒకే గొంతుతో అన్నాడు.

పుస్తకం బడిలో పెట్టవచ్చా అని సారు సుశీలతో అడిగించాడు. మర్నాడు ఆమె జవాబు తెచ్చింది. పుస్తకం ఇల్లు దాటదు. ఆడపిల్లలు కావాలంటే సాయంత్రం ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని చదువుకోవచ్చు. మగపిల్లలకు సారు తాను ఎత్తిరాసుకున్నంత మేరకు బడి విడిచాక బోర్డు మీద రాసి చెప్తానన్నాడు. ఐదుగురు ఆడపిల్లల్లో ఇద్దరికి బస్సు వేళ. మిగిలింది సుశీల కాక ఇద్దరు, ఫరీదా, గౌండ్ల చిలుకమ్మ.

వాళ్లు వెళ్లేసరికి అరుగు నిండా మిరపకాయలున్నాయి. సుశీల నాయనమ్మ రుక్మిణమ్మ మధ్యలో పీట వేసుకుని కూర్చుంది. తాలు కాయలు ఏరి ఒక పక్కకు, ఎర్రవి ఒక పక్కకు వేస్తోంది. ఇంటి కారానికి పెట్టుకునేవాటి తొడిమెలు తీస్తోంది. పిల్లలిద్దరూ పలకా బలపం పట్టుకున్నట్టు నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని మెట్ల దగ్గర ఆగారు.

"కూసోన్రి" అంది ముసలామె. కూర్చున్నాక రెండు చాటలు వాళ్ల ముందుకు తోసింది. "ఊకెనే కూసుంటరా? చెవులు ఇటు పెట్టున్రి, చేతులు అటు పెట్టున్రి."

సుశీల మొహం ఎర్రబడింది. చదువుకోవడానికి వచ్చారని చెప్పబోయింది. చదవొద్దని నేనన్నానా అంది నాయనమ్మ. చదివే నోరు ఒకటి చాలదా, మూడు నోళ్లకు ఒకటే పుస్తకమాయె.

అలా ఏర్పాటు కుదిరింది. సుశీల స్తంభానికి వీపు ఆనించి పైకి చదువుతుంది. ఫరీదా, చిలుకమ్మ కాయలు ఏరుతూ వింటారు. రాసుకుందామంటే వీలులేదు. కారం చేతులతో పెన్సిలు పడితే ఆ పెన్సిలు తర్వాత నోట్లోకో కళ్లలోకో వెళ్తుంది. మొదటి రోజు ఫరీదా మరిచిపోయి కన్ను నలుపుకుంది. రుక్మిణమ్మ లేచి వెళ్లి మజ్జిగ తెచ్చి దోసిట్లో పోసింది, మొహం మీద చల్లుకొమ్మంది, మళ్లీ పీట మీద కూర్చుని ఈ పిల్ల ఇంట్లో మిరపకాయ మొహం చూసిందో లేదో అని చిలుకమ్మను అడిగింది.

సుశీల చదివితే కేసముద్రం స్టేషన్‌లో ఆగని రైలు పోయినట్టుండేది. చుక్క దగ్గర ఊపిరి పీల్చేది కాదు. పేజీ చివర పీల్చేది. ఫరీదా ఆపేది. ఎవరు ఎవరిమీద పన్ను వేశారు, మళ్లీ చెప్పమనేది. చిలుకమ్మ అడిగేది కాదు, పెదాలు కదిలించేది. పద్యమైతే రెండోసారి చదివేసరికి ఆమెకు నోటికొచ్చేది. కరువులో ఊరు విడిచిన రైతు పద్యాలు మూడు రోజుల్లో అయిపోయాయి. నాలుగో రోజు వాళ్లు మెట్లెక్కుతుంటే రుక్మిణమ్మ ఆ రైతు పద్యం కూనిరాగం తీస్తూ కాయలు చెరుగుతోంది. రెండో పాదం తప్పు. చిలుకమ్మ సరిచేసింది. ముసలామె ఆమెను ఒకసారి చూసి సరిచేసిన పాదం పాడింది.

వాచకంలో మిగిలిన కొత్త పాఠాలూ అయ్యాక సోషల్ మొదలైంది. ఫ్రాన్సులో విప్లవం. రొట్టె కోసం ఆడవాళ్లు రాజు కోట మీదికి నడిచిపోయిన చోట రుక్మిణమ్మ చేతిలో కాయ ఆగింది.

"ఆడోళ్లేనా? మొగోళ్లు యాడికి పోయిన్రు?"

పుస్తకంలో లేదంది సుశీల.

"పుస్తకం రాసినోడు అడగలేదా?"

ఆ రోజు నుంచి ఆమె తాలు కాయల్లో ఎర్రవి కలిపెయ్యడం, ఎర్రవాటిలో తాలు వదిలెయ్యడం ఫరీదా గమనించింది. చెప్పలేదు. ఇంటికి పోయే ముందు తానే మళ్లీ ఏరి పెట్టేది. సుశీల పుస్తకం మూయబోతే ముసలామె ఇంకా పొద్దుందనేది. పొద్దు లేకపోతే లాంతరు తెప్పించేది. కాయలు మాత్రం రోజుకు రోజు తగ్గిపోతున్నాయి.

రాజు కుటుంబంతో సహా బండెక్కి దొంగచాటుగా పట్నం విడిచిన పేజీ వచ్చినప్పుడు ఆమె చాట పక్కన పెట్టేసింది. సుశీలను మెల్లగా చదవమంది. రాజు నౌకరు బట్టలు వేసుకున్నాడు. దారిలో ఒక ఊరి దగ్గర గుర్తుపట్టి బండి ఆపారు.

రుక్మిణమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఇంట్లోకి ఒకసారి చూసింది. దామోదర్ మిల్లు నుంచి ఇంకా రాలేదు.

"సంగపోళ్ల కొట్లాట దినాలల్ల మేం గూడ గట్లనే పోయినం" అంది. "బండిల కింద వడ్ల బస్తాలు, మీద మేము. మీ చిన్నబాపు ఇంత పోరడు, ఏడుస్తడని నోట్ల బెల్లం పెట్టిన. వాగు కాడ గుర్తువట్టిన్రు. ఒకడు లాంతరెత్తి నా మొకం చూసిండు. నేను ఆని మొకం చూసిన. మన పొలంల పనిజేసినోడే." ఆగింది. "పోనియ్యిన్రి, పెండ్లికి పోతున్నరు అన్నడు ఆడు. పోనిచ్చిన్రు."

"ఆయన పేరేందవ్వా?" అని ఫరీదా అడిగింది.

"ఇన్నేండ్ల సంది ఎవ్వలకు చెప్పలే. నీకు చెప్తనా?" సుశీల వైపు తిరిగింది. "గా రాజును ఏంజేసిన్రు?"

అది తర్వాతి పాఠమంది సుశీల. రేపు చదువుతానంది.

ఆ రేపు రాలేదు. మర్నాడు సారు అప్పటిదాకా అయిన పాఠాల మీద ఇరవై మార్కుల పరీక్ష పెట్టాడు. అక్కడే కూర్చోబెట్టి దిద్ది ఇచ్చేసరికి చీకటి పడింది. అందరికంటే పైన ఫరీదా, ఆమె వెనకే చిలుకమ్మ. సుశీలకు ఆరు మార్కులు వచ్చాయి. సుశీల కాగితం అటూ ఇటూ తిప్పి నవ్వింది.

"నేను చదివిందే మీరు రాసిన్రు. నాకేమో చదివినట్టే యాదికి లేదు."

ఆమె నవ్వినట్టు దామోదర్ నవ్వలేదు. అన్నం తింటూ మార్కులు అడిగాడు. మిగతా ఇద్దరివీ అడిగాడు. చెయ్యి కడుక్కుని, ఆ పిల్లల తప్పేం లేదన్నాడు. తన బిడ్డ నోరు వాళ్లకు పనిచేస్తోంది, ఆమెకే పనిచేయడం లేదన్నాడు. రేపటి నుంచి సుశీల లోపలి గదిలో కూర్చుని మనసులో చదువుకోవాలి. మిరపకాయలు ఎలాగూ బస్తాలకెత్తారు కాబట్టి ఇక ఎవరూ రానక్కర్లేదు. ఈ మాటలన్నీ సుశీల మర్నాడు ప్రార్థన వరుసలో ముందు నిలబడి వెనక్కి తిరగకుండా చెప్పింది. ఫరీదా ఆమె జడ వైపు చూస్తూ వింది.

సోషల్‌లో ఇంకా నాలుగు పాఠాలున్నాయి. సారు ఎత్తిరాసుకున్న కాగితాలు అంతకు ముందే అయిపోయాయి. ఫరీదా పాత పుస్తకంలో ఆ పాఠాల లాంటివి ఏమైనా ఉన్నాయా అని వెతికింది. వేరే రాజులున్నారు. సుశీల ఒక రాత్రి రెండు పేజీలు ఎత్తిరాసి తెచ్చింది. నిద్రమత్తులో మధ్య పంక్తులు వదిలేసింది. రాజు పేజీ మొదట్లో జైల్లో ఉన్నాడు, కింద మళ్లీ బండిలో ఉన్నాడు. చిలుకమ్మ అది చదివి, ఈయన మనకంటే ఎక్కువ తిరుగుతున్నడంది. ముగ్గురూ నవ్వారు. గంట కొట్టాక ఫరీదా ఆ కాగితం మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది.

ఆ రాత్రి తండ్రికి చెప్పింది. హైదర్ సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. విన్నాడు. దారానికి మైనం రాశాడు. ఎవరి పుస్తకం వాళ్లిష్టం బేటా అన్నాడు. ఒక కుట్టు వేసి, పరీక్షలకు ఇంకెన్ని రోజులున్నాయని అడిగాడు. సోమవారం మొదలు, సెంటరు మానుకోట అని చెప్పింది.

బుధవారం బడి నుంచి వచ్చి ఫరీదా కొట్టు ముందు ఊడుస్తుంటే సుశీల వచ్చింది. చేతిలో తుండుగుడ్డలో చుట్టిన సోషల్ పుస్తకం. వెనక వాళ్ల జీతగాడు ఒక పీట మోసుకొస్తున్నాడు. పీట కొట్టులో పెట్టి వెళ్లిపోయాడు.

"జిల్దు ఊడిందట కాకా" అని హైదర్‌కు పుస్తకం ఇచ్చింది. "నాయినమ్మ పంపింది. పుస్తకం యాడుంటే నన్ను ఆడనే కావలి కూసోమన్నది."

"మీ బాపు?"

"ఇల్లు దాటొద్దన్నడు. మరి చినిగిన పుస్తకంతోని పరీక్షకు పొమ్మంటవా, హైదర్‌ను మనింటికి పిలిచి పుస్తకాలు బిగించే శికంజా అరుగు మీద పెట్టిస్తవా అన్నది నాయినమ్మ. ఇగ బాపు, కావలి మాత్రం గట్టిగ ఉండాలన్నడు."

హైదర్ గుడ్డ విప్పాడు. పుస్తకం పదిహేను రోజుల కిందటిదాకా కొత్తది. అట్ట పూర్తిగా విడిపోయి ఉంది. వెన్ను వైపు తిప్పి వెలుగులో పెట్టాడు. కుట్టు దారం మూడు చోట్ల తెగింది. మూడు చోట్లా కొసలు కోసినట్టు సమానంగా ఉన్నాయి. కుట్టు సందులో ఒక మిరపగింజ ఇరుక్కుని ఉంది. ఆయన దాన్ని గోటితో తీసి ఫరీదాకు చూపించి కింద పడేశాడు.

"కుట్టు మొత్తం పోయింది" అన్నాడు సుశీలతో. "మళ్ల కుట్టాలె. గోందు ఆరాలె. శనివారం దాక పడతది."

తర్వాత చేసిన పని ఫరీదా చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మిగిలిన దారం లాగేశాడు. పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా విడిపోయింది. వాటిని వరుసగా పలక మీద పేర్చాడు. ఏ పుస్తకమైనా ఆ వెంటనే సూది పట్టుకునేవాడు. ఈసారి సూది పట్టుకోలేదు. అయిపోయిన పాఠాల ఫారాలు పక్కన పెట్టి, మిగిలినవాటిలో ఒకటి ఫరీదాకు, ఒకటి సుశీలకు ఇచ్చాడు. ఇంకొకటి చేత్తో పట్టుకుని ఆ గౌండ్ల పిల్ల ఏదని అడిగాడు. ఫరీదా పరుగెత్తింది.

మూడు రోజులు ఆ కొట్టులో ఒక పుస్తకాన్ని ముగ్గురు ఒకేసారి చదివారు. ఎవరి ఫారం వాళ్లది అయ్యాక ఒకరికొకరు మార్చుకునేవారు. తర్వాత ఫరీదా పైకి చదివేది. చుక్క దగ్గర ఆగేది. సుశీల పీట మీద కూర్చుని ఊరికే వింటుంటే హైదర్ మైదా గంజి గిన్నె, రిజిస్టర్ల అట్టల కోసం కోసిన గుడ్డపట్టీలు ఆమె ముందుకు జరిపాడు. ఆమె పట్టీలకు గంజి పూసింది. మొదటివి రెండు చేతికి అంటుకున్నాయి. చిలుకమ్మ వాటిని వేలితో ఊడదీసి, మీ నాయినమ్మ ఉంటే ఏమనేదో చెప్పింది. రెండో రోజుకు పట్టీలు చక్కగా పడ్డాయి.

"ఆగు" అంది సుశీల చేతిలో పట్టీతో. "రాజును కైదుజేసినంక పన్నులెవలు వసూలు జేసిన్రు? మళ్ల చెప్పు."

ఫరీదా చదివింది. సుశీల గంజి పూస్తూ తనలో తాను అనుకుంది. తర్వాత ఫరీదా అడిగితే చెప్పింది. చిలుకమ్మ అడిగితే ఇంకొకటి చెప్పింది.

శుక్రవారం సాయంత్రం దామోదర్ సైకిలు మోటారు కొట్టు ముందు ఆగింది. ఫరీదా చేతిలో ఒక ఫారం, చిలుకమ్మ ఒడిలో ఒక ఫారం ఉన్నాయి. దాచడానికి సమయం లేదు. సుశీల వీధికి వీపు పెట్టి ఉంది. విప్లవానికి కారణాలు వరుసగా చెబుతోంది. ఆరో కారణం దగ్గర ఆగి, పట్టీ తిప్పి వేసి, ఆరోది చెప్పింది.

దామోదర్ బండి దిగలేదు. హైదర్ లేచి నిలబడ్డాడు.

"ఎందాక వచ్చింది హైదర్?"

"కుట్టాలె పటేలా. తొందరపడితే పేజీలు తలకిందులైతయి."

దామోదర్ పలక మీది ఫారాల వైపు చూశాడు. పిల్లల చేతుల్లో ఉన్నవాటి వైపు చూశాడు. తండ్రి గొంతు విని సుశీల లేవబోయింది. గంజి చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే కూర్చుంది.

"ఏడోది?" అన్నాడు దామోదర్.

సుశీల చెప్పింది.

ఆయన బండి కిక్కు కొట్టాడు. "రేపటికి కానియ్యి" అని హైదర్‌తో అన్నాడు. కొంచెం దూరం పోయాక వెనక్కి వచ్చి, చీకటి పడితే ముగ్గురినీ జీతగాడు ఇళ్లకు దింపుతాడని చెప్పి వెళ్లాడు.

శనివారం మధ్యాహ్నం ఆఖరి పేజీ అయింది. అప్పుడు హైదర్ సూది పట్టుకున్నాడు. ఫారం మీద ఫారం పెట్టి కుట్టుకుంటూ పోయాడు. వెన్నుకు గుడ్డపట్టీ వేశాడు, సుశీల గంజి పూసినవాటిలో ఒకటి. చెక్క పలకల మధ్య పెట్టి శికంజా మర బిగించాడు. కూలి ఎంతని సుశీల అడిగితే, పట్టీలకు పూసిన కూలి, కావలి కూలి పోను ఏమీ మిగలదన్నాడు.

పరీక్షలు అయిపోయిన ఆదివారం ఫరీదా రుక్మిణమ్మ దగ్గరికి వెళ్లింది. సోషల్ పేపరులో ఆడవాళ్ల నడక ప్రశ్న వచ్చింది, రాజు ప్రశ్నా వచ్చింది. సుశీల మానుకోట బస్టాండులో అందరి ముందు ఫరీదాను పట్టుకుని గిరగిరా తిప్పింది. హైదర్ ఫలితాలు రాకముందే, ట్రైనింగు దరఖాస్తులు ఎప్పుడిస్తారో కనుక్కురమ్మని సారు దగ్గరికి మనిషిని పంపాడు.

రుక్మిణమ్మ అరుగు మీద చాటలో చింతపండు ముందు వేసుకుని కూర్చుంది. పక్కన కొత్త జిల్దుతో పుస్తకం ఉంది.

"రాసినవా?"

"రాసిన అవ్వా."

"అయితే గా రాజు సంగతి చెప్పు. సుశీల వారం సంది చదువుతనంటున్నది. నువ్వొచ్చినంకనే అన్న. అది చదివితే రాజు వచ్చేది తెల్వది, పోయేది తెల్వది."

ఫరీదా మెట్టెక్కి కూర్చుంది. కూర్చోగానే ఆమె చెయ్యి తనంతట తానే చాట వైపు పోయింది. ఒక చింతపండు తీసుకుని గింజ కోసం నొక్కింది.

రుక్మిణమ్మ ఆ చింతపండు ఆమె చేతిలోంచి తీసుకుంది. చాటను కాలితో అవతలికి జరిపింది. కొంగు కొసతో ఫరీదా వేళ్లు ఒక్కొక్కటి తుడిచింది.

"ఇయ్యాల చేతులు ఊకె ఉండనియ్యి" అంది. "చదువు."

పుస్తకం కొత్త కుట్టు వల్ల బిగుసుగా ఉంది. తెరిస్తే మూసుకుంటోంది. ఫరీదా రెండు చేతులతో పట్టుకుని, పేజీ ఒత్తి, మొదటి చుక్క దాకా చదివి ఆగింది.